మూలవాసుల మాట చెల్లే గ్రంథాలయం

డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్ కెనడా సాహిత్య చరిత్రలో పేరున్న కవి. 1921లో ఆ దేశపు రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యారు. అదే మనిషి 1913 నుంచి 1932 వరకు మూలవాసులపై అజమాయిషీ చేసే ‘ఇండియన్ వ్యవహారాల శాఖ’ను నడిపిన అధికారి. మూలవాసుల పిల్లలను రెసిడెన్షియల్ స్కూళ్లకు పంపడం తప్పనిసరి చేస్తూ 1920లో ఇండియన్ చట్టాన్ని సవరించినప్పుడు దాని వెనక నిలబడింది ఆయనే. ఆ శాఖలోనే ప్రధాన వైద్యాధికారిగా పనిచేసిన పీటర్ బ్రైస్ 1907లో ప్రెయిరీ ప్రాంతపు స్కూళ్లను తనిఖీ చేశారు. వివరాలు పంపిన 15 స్కూళ్లలో చేరిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు చనిపోయారని, చాలామందిని బలిగొన్నది క్షయేనని లెక్క తేల్చారు. ఆ లెక్క అప్పటి పత్రికల్లోనూ వచ్చింది. సర్కారు మాత్రం ఆయన సిఫారసులను పక్కన పెట్టేసింది. ఉద్యోగం నుంచి బయటికొచ్చాక 1922లో బ్రైస్ ఆ సంగతులన్నీ ‘ఒక జాతీయ నేరం కథ’ అనే చిన్న పుస్తకంగా అచ్చువేయించారు. అంటే నిజం ఎక్కడా దాగలేదు. అచ్చులోనే ఉంది. అయినా ఆ తర్వాత మరో డెబ్బై ఏళ్లకు పైగా ఆ స్కూళ్లు నడుస్తూనే ఉన్నాయి. స్కాట్ కవిత్వం ఒక అరలో, బ్రైస్ నివేదిక ఇంకో అరలో ఉండిపోయాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం ఉందని కెనడా సమాజానికి తోచడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

రెసిడెన్షియల్ స్కూల్ అనగానే మనకు సర్వేల్, తాడికొండ గురుకులాలు గుర్తుకొస్తాయి. పేదింటి పిల్లలు పట్టుదలగా పరీక్ష రాసి సీటు తెచ్చుకునే చోట్లు అవి. కెనడా స్కూళ్లకు వాటితో ఏ పోలికా లేదు. ప్రభుత్వ డబ్బుతో చర్చిలు నడిపిన ఆ స్కూళ్లలోకి దాదాపు 1,50,000 మంది ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనే మూలవాసి వర్గాల పిల్లలను చేర్చారు. జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాషలో మాట్లాడితే శిక్షించారు. చివరి స్కూళ్లు మూతపడింది 1990లలో. బాధితులు కోర్టుకెక్కి సాధించుకున్న ఒప్పందం ఫలితంగా ఏర్పడిన సత్య-సయోధ్య కమిషన్ దేశమంతా తిరిగి 6,500 మందికి పైగా సాక్షుల మాటలు విన్నది. జరిగింది సాంస్కృతిక జాతి నిర్మూలన అని తేల్చి, 2015లో 94 కార్యాచరణ పిలుపులతో నివేదిక ఇచ్చింది. ఆ స్కూళ్లలో చనిపోయినట్టు ఇప్పటివరకు నమోదైన పిల్లల సంఖ్య 4,100 దాటింది. ఆ 94 పిలుపుల్లో మ్యూజియాల ప్రస్తావన ఉంది, ఆర్కైవ్‌ల ప్రస్తావన ఉంది, 69వ పిలుపులో దేశ జాతీయ గ్రంథాలయం పేరూ ఉంది. ఊరూరా ఉండే పబ్లిక్ లైబ్రరీల పేరు మాత్రం ఎక్కడా లేదు. అయినా అక్కడి గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఆ బాధ్యతను తనకు తానే నెత్తిన వేసుకుంది. మూలవాసులైన లైబ్రేరియన్ల నాయకత్వంలో ఒక కమిటీ వేసి, 2017లో తన సొంత సిఫారసులు ప్రకటించింది.

అప్పటి నుంచి కెనడా లైబ్రరీల్లో చాలా మార్పులు కళ్లకు కనిపిస్తున్నాయి. సభ మొదలయ్యే ముందు ఈ నేల ఫలానా జాతివారిదని చదువుతారు. సెప్టెంబరు 30న నారింజ రంగు చొక్కాలు వేసుకుని స్కూళ్ల బాధితులను తలచుకుంటారు. మూలవాసి రచయితల పుస్తకాలను ప్రవేశ ద్వారం దగ్గర బల్లమీద పేర్చిపెడతారు. వీటిలో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ బ్రైస్ పుస్తకం మనకు నేర్పే పాఠం ఒకటుంది. పుస్తకం అందుబాటులో ఉన్నంత మాత్రాన న్యాయం నడిచిరాదు. లైబ్రరీ అంటే పుస్తకాల గది అనుకుంటాం గానీ, అక్కడ రోజూ జరిగేది నిర్ణయాలు తీసుకోవడం. ఏ పుస్తకం కొనాలి, దాన్ని ఏ విషయం కింద నమోదు చేయాలి, ఎవరికి కార్డు ఇవ్వాలి, ఎవరిని గుమ్మం దగ్గర ఆపాలి, ఏ ఊళ్లో శాఖ తెరవాలి. సయోధ్యకు పబ్లిక్ లైబ్రరీ చేయగలిగిన అసలైన సాయం ఈ నిర్ణయాల్లో కొన్నింటిని మూలవాసుల చేతికి అప్పగించడం. వాళ్లను పిలిచి సలహా అడిగితే చాలదు. వాళ్ల మాట చెల్లాలి. అలా చెల్లిన చోట్ల ఏం జరిగిందో, చెల్లని చోట్ల ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పుడు ఉదాహరణలు చాలానే ఉన్నాయి.

మొదట పేర్ల సంగతి. మన శాఖా గ్రంథాలయాల్లో వాడే డ్యూయీ దశాంశ పద్ధతే కెనడా పబ్లిక్ లైబ్రరీల్లోనూ ఎక్కువగా వాడతారు. అందులో ఉత్తర అమెరికా మూలవాసులకు సంబంధించిన పుస్తకాలు ఎక్కువగా చేరేది 970లలో, అంటే చరిత్ర కింద. నిన్న మొన్న రాసిన మొహాక్ నర్సుల అనుభవాలైనా, క్రీ జాతి గ్రామ పాలన గురించిన పరిశీలనైనా గతించిన కాలపు సంగతుల పక్కకే వెళ్లే ప్రమాదం ఉంది. వాళ్లు పవిత్రంగా భావించే సృష్టి గాథలు మతం అరలో కాక 398 కింద, జానపద కథల్లో కనిపిస్తాయి. పెద్ద లైబ్రరీలు వాడే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో జాతులను ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేర్చారు. నేల మీద ఇరుగుపొరుగుగా బతికే రెండు జాతులు అక్కడ ఎక్కడెక్కడికో విడిపోతాయి. వీటన్నిటికీ పైన ‘ఇండియన్స్ ఆఫ్ నార్త్ అమెరికా’ అనే విషయ శీర్షిక దశాబ్దాలుగా వేలాది లైబ్రరీల కేటలాగుల్లో నడుస్తోంది. తన అమ్మమ్మ పుట్టిన జాతి గురించి వెతకాలనుకునే పదేళ్ల పిల్ల, ఆ అమ్మమ్మ ఎప్పుడూ ఒప్పుకోని పేరును టైప్ చేస్తే తప్ప పుస్తకం దొరకని పరిస్థితి అది. కేటలాగు నోరెత్తి ఎవరినీ తిట్టదు, కానీ ఈ దేశంలో మీకు పేరు పెట్టే హక్కు మాదేనని ప్రతి వెతుకులాటలోనూ గుర్తుచేస్తుంది.

దీనికి విరుగుడు ఎప్పుడో 1970లలోనే తయారైంది. కహ్నవాకేకు చెందిన మొహాక్ లైబ్రేరియన్ బ్రయన్ డీర్, ఒట్టావాలో నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్ సంస్థ గ్రంథాలయంలో పనిచేస్తూ ఒక కొత్త వర్గీకరణ రాశారు. అందులో జాతుల వరుసను అక్షరాలు నిర్ణయించవు. ఏ జాతి ఏ నది ఒడ్డున, ఏ జాతి పక్కన బతుకుతోందో దాన్నిబట్టి పుస్తకాలు పక్కపక్కన చేరతాయి. భూమి హక్కులు, చేపల వేట, స్వపరిపాలన లాంటివి చరిత్రకు అనుబంధాలుగా కాక ముఖ్య విభాగాలుగా నిలుస్తాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని హ్వేహ్వా గ్రంథాలయం ఈ పద్ధతినే తన అవసరాలకు మలచుకుని నడుస్తోంది. ఉత్తర క్వెబెక్‌లోని క్రీ జాతి సాంస్కృతిక సంస్థ కూడా దీన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది. దేశానికంతా ఒకే వరుస వర్తించదని, ఏ ప్రాంతంలో ఆ ప్రాంతపు ఇరుగుపొరుగును బట్టి అరలు మారాలని డీర్ పద్ధతి ఒప్పుకుంటుంది. దాని గొప్పతనం అక్కడే ఉంది.

పబ్లిక్ లైబ్రరీలు ఇదెందుకు చేయలేకపోయాయంటే దానికి ఒక సాంకేతిక కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏ లైబ్రరీ కూడా ప్రతి పుస్తకానికీ కొత్తగా కేటలాగు రాసుకోదు. ఒకచోట తయారైన నమోదును మిగతావాళ్లు దించుకుంటారు. మీ ఊరి లైబ్రరీ ఒక శీర్షికను మార్చుకున్నా, రేపు దించుకునే నమోదుల్లో పాత పేరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకే ఒక్కో లైబ్రరీ విడివిడిగా చేసే దిద్దుబాట్లకు ఆయుష్షు తక్కువ. మానిటోబాలో ఆర్కైవ్‌ల సంఘం ఒక ఉమ్మడి పట్టిక తయారుచేసి ఆ రాష్ట్రానికి దారి చూపింది. ఇప్పుడు మూలవాసి లైబ్రేరియన్లు, ఆర్కైవిస్టులు కలిసి నడుపుతున్న ‘నిక్లా’ అనే కూటమి దేశమంతటికీ పనికొచ్చే పేర్ల వేదికను తయారుచేసే పనిలో ఉంది. ఏ జాతిని ఏమని పిలవాలో ఆ జాతే చెబుతుంది, లైబ్రరీలు దాన్ని దించుకుంటాయి. నమోదులు దించుకునే పాత ఏర్పాటే ఉంటుంది, పేరు పెట్టే చేయి మాత్రం మారుతుంది. పబ్లిక్ లైబ్రరీలు తమ కేటలాగు బడ్జెట్‌లో కొంత భాగం ఇలాంటి పనికి ఏటా కేటాయించి తీరాలని నా అభిప్రాయం. వంద పుస్తకాల ప్రదర్శన కన్నా ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

పేరు పెట్టే హక్కు తిరిగి చేతికొస్తే ఏం జరుగుతుందో జాతీయ గ్రంథాలయమే చూసింది. ఆర్కిటిక్ ప్రాంతంలో దశాబ్దాల పాటు తీసిన ఫొటోలు దాని దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, ఫొటోలోని మనిషి పేరు ఉండదు. ‘ఎస్కిమో స్త్రీ’ అనో, ‘స్థానిక బాలుడు’ అనో రాసి వదిలేశారు. ఈ శతాబ్దం మొదట్లో నునావుట్ ప్రభుత్వం, ఒట్టావాలోని ఇన్యూట్ విద్యార్థుల కళాశాలతో కలిసి మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ నేమింగ్’లో కుర్రవాళ్లు ఆ ఫొటోలను లాప్‌టాప్‌లలో వేసుకుని తమ ఊళ్లకు వెళ్లి పెద్దలకు చూపించారు. ఈమె మా పెద్దమ్మ, ఇతను మా నాన్న తమ్ముడు అంటూ వాళ్లు పేర్లు చెప్పారు. ఇప్పటికి వేల మందికి పేర్లు తిరిగొచ్చాయి. 2015 నుంచి ఫస్ట్ నేషన్స్, మేటీల ఫొటోలకూ ఈ పని విస్తరించింది. ఆ పెద్దల వయసు చూస్తే ఈ పనికి గడువు తక్కువని తెలుస్తుంది. ఎంతమంది నిపుణులను పెట్టుకున్నా జాతీయ గ్రంథాలయం ఒంటరిగా ఈ పేర్లు కనుక్కోలేకపోయేది, ఎందుకంటే ఆ జ్ఞానం ఏ కాగితం మీదా లేదు.

కాగితం మీద లేనిదాన్ని జ్ఞానంగా లెక్కించాలా అన్నది కెనడాలో కోర్టు దాకా వెళ్లిన ప్రశ్న. గిట్‌క్సన్, వెట్సువెటెన్ జాతులు తమ భూమి హక్కుల కోసం వేసిన దావాలో తరతరాలుగా నోటితో అప్పగించుకుంటూ వచ్చిన వంశ చరిత్రలను, పాటలను సాక్ష్యంగా పెట్టాయి. 1991లో కింది కోర్టు వాటికి విలువ ఇవ్వలేదు. 1997లో డెల్గమూక్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ ధోరణిని తప్పుపట్టింది. మౌఖిక చరిత్రను లిఖిత పత్రాలతో సమానంగా తూచాలంది. న్యాయస్థానం ఒప్పుకున్నదాన్ని గ్రంథాలయం ఒప్పుకోకపోవడానికి కారణం కనిపించదు. వాంకూవర్ పబ్లిక్ లైబ్రరీ 2008 నుంచి ఒక మూలవాసి కథకుణ్నో, కథకురాలినో కొంతకాలం తమ దగ్గర ఉంచుకుని గౌరవ వేతనం ఇస్తోంది. ఎడ్మంటన్ పబ్లిక్ లైబ్రరీ మూలవాసులు తమ కథలను తామే రికార్డు చేసి, తామే ఆన్‌లైన్‌లో పెట్టుకునే వేదికను నడుపుతోంది. 2020లో కొత్తగా తెరిచిన దాని ప్రధాన భవనంలో మూలికల ధూపం వేసి చేసే క్రతువులకు వీలుగా, గాలి బయటికి పోయే ఏర్పాటుతో ఒక సమావేశ మందిరం కట్టారు. పొగ వస్తే అలారం మోగే భవనంలో ధూపం వేసుకోండి అని ఆహ్వానించి ఏం లాభం? ఆహ్వానం నిజమైనదైతే దాని గుర్తు కట్టడంలో కనబడాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వినిపిస్తుంది. గ్రంథాలయం తటస్థంగా ఉండాలి, ఒక వర్గం పక్షాన నిలబడకూడదు అంటారు. ఈ మాటలో ఒక మంచి ఉద్దేశం ఉంది. కానీ గ్రంథాలయం ఏ కాలంలోనూ సమాజానికి బయట నిలబడిన సంస్థ కాదు. ఆ సంగతి తెలుగువాళ్లకు మరొకరు చెప్పనక్కర్లేదు. నిజాం రాజధానిలో తెలుగుకు చోటు లేని రోజుల్లో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1914 నుంచి అయ్యంకి వెంకటరమణయ్యలాంటి వాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయోద్యమాన్ని నడిపారు. అణగిపోయిన భాషకు, మాట లేని జనానికి నిలబడే చోటు ఇవ్వడమే ఆ నిలయాలు చేసిన పని. వాటిని పక్షపాతం అని ఎవరూ అనలేదు. 970ల అరలో ఒక జాతిని ఇరికించడం కూడా ఒక పక్షం వహించడమే, కాకపోతే పాతబడి అలవాటైపోయిన పక్షం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఒక వర్గానికి నిర్ణయం అప్పగిస్తే రేపు పుస్తకాలను తొలగించమంటారు, తగలబెట్టమంటారు అని. ఇది ఊహాజనిత భయం కాదు. ఒంటారియో నైరుతి ప్రాంతంలోని ఒక ఫ్రెంచ్ క్యాథలిక్ స్కూల్ బోర్డు, మూలవాసులను కించపరుస్తున్నాయంటూ తన 30 స్కూళ్ల లైబ్రరీల నుంచి టిన్‌టిన్, ఆస్టెరిక్స్‌తో సహా దాదాపు 5,000 పుస్తకాలను తీసేసింది. 2019లో కొన్నింటిని ఒక వేడుకలా కాల్చింది. 2021లో ఈ సంగతి బయటపడ్డాక దేశమంతా దిగ్భ్రాంతి చెందింది. బోర్డుకు సలహా ఇచ్చిన వ్యక్తికి తాను చెప్పుకున్న మూలవాసి వంశం లేదని విలేకరుల పరిశోధనలో తేలింది. ఈ ఉదంతాన్ని నా వాదనకు వ్యతిరేక సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. నాకు అది సరిగ్గా ఉల్టాగా కనిపిస్తుంది. అక్కడ ఏ జాతి మండలి నిర్ణయమూ లేదు. ఏ జాతికీ జవాబుదారీ లేని ఒక సలహాదారు మాట మీద ఒక బోర్డు తన అధికారాన్నే మరో రూపంలో వాడుకుంది. ఎవరి పేరు మీద మంట వేశారో ఆ జనాన్ని అడగలేదు. పాత జాత్యహంకార పుస్తకం దగ్గర, అది ఎప్పటిది, దానిలో ఏ అబద్ధం ఉంది అనే వివరణ ఉండాలి, దానికి జవాబు చెప్పే మూలవాసి రచన పక్కనే ఉండాలి. స్కాట్ కవిత్వాన్ని కాల్చేస్తే బ్రైస్ లెక్క అర్థం కాదు.

ఇక గుమ్మం సంగతి. 2019 ఫిబ్రవరిలో వినిపెగ్ మిలీనియం లైబ్రరీ ద్వారం దగ్గర సంచులు వెతకడం, మెటల్ డిటెక్టర్‌తో తడమడం మొదలుపెట్టింది. కెనడా పెద్ద నగరాల్లో మూలవాసుల జనాభా అత్యధికంగా ఉన్నది వినిపెగ్‌లోనే. ఆ నగరంలో ఇల్లు లేనివాళ్లలో వాళ్ల వాటా జనాభాలోని వాటా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆస్తి అంతా ఒక సంచిలో మోసుకు తిరిగేవాడికి సంచి తెరవమనడం మామూలు తనిఖీలా అనిపించదు. తాతల కాలం నుంచి యూనిఫాం వేసుకున్నవాళ్లు పిల్లలను ఎత్తుకెళ్లిన జ్ఞాపకం ఉన్న జనానికి ఆ గుమ్మం ఏం చెబుతుందో ఊహించడం కష్టం కాదు. రాకపోకలు తగ్గాయి, పౌరులు ఉద్యమించారు, తనిఖీ సడలింది, లాబీలో సామాజిక సేవలకు ఒక చోటు ఏర్పడింది. 2022 డిసెంబరులో లైబ్రరీలోనే ఒక యువకుడు కత్తిపోట్లకు బలయ్యాక తనిఖీలు తిరిగొచ్చాయి. ఈ విషయంలో తేలిక జవాబు లేదు. కౌంటర్ వెనక కూర్చునే ఉద్యోగి ప్రాణం కూడా ప్రాణమే. కానీ భద్రత అంటే గార్డులేనన్న లెక్క తప్పు. ఎడ్మంటన్ 2011లోనే లైబ్రరీలో సామాజిక కార్యకర్తలను నియమించింది. గుమ్మం దగ్గర ఏం పెట్టాలో తేల్చే సమావేశంలో, ఆ గుమ్మం వల్ల ఎక్కువ నష్టపోయేవాళ్ల ప్రతినిధులకు కూడా నిర్ణయాధికారం ఉండాలని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

ఇదంతా నగరాల మాట. నగరానికి దూరంగా, మూలవాసులకు కేటాయించిన రిజర్వ్‌ల మీద బతికే ఫస్ట్ నేషన్స్‌కు అసలు గుమ్మమే లేదు. మన దగ్గర ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సులాగే కెనడాలోనూ పబ్లిక్ లైబ్రరీలు ప్రధానంగా పురపాలక ఆస్తి పన్ను మీద బతుకుతాయి. గ్రంథాలయ చట్టాలు రాష్ట్రాలవి. రిజర్వ్‌లు సమాఖ్య ప్రభుత్వం కిందివి. ఈ రెండు అధికారాల మధ్య సందులో లైబ్రరీ పడిపోయింది. ఒంటారియోలోని 133 ఫస్ట్ నేషన్స్‌లో సొంత పబ్లిక్ లైబ్రరీ ఉన్నవి సగం కూడా లేవు. ఆల్బర్టాలో 2016 దాకా రిజర్వ్ వాసులు పక్క ఊరి లైబ్రరీకి వెళితే స్థానికేతరుల రుసుము కట్టాల్సి వచ్చేది. తమ పూర్వీకుల నేల మీద కట్టిన భవనంలోకి వెళ్లడానికి వాళ్లే బయటివాళ్లయ్యారు. ఒంటారియోకు మొదటి మూలవాసి లెఫ్టినెంట్ గవర్నర్ అయిన జేమ్స్ బార్టిల్‌మన్ 2004లో ఉత్తరాది ఫస్ట్ నేషన్స్ కోసం పిలుపిస్తే 12 లక్షల పుస్తకాలు వచ్చిపడ్డాయి. ప్రజల్లో సద్భావానికి కొరత లేదని అది రుజువు చేసింది. ఏటేటా వచ్చే బడ్జెట్, జీతం అందుకునే లైబ్రేరియన్, కరెంటు, ఇంటర్నెట్ మాత్రం విరాళాలతో నిలబడవు. సయోధ్య గురించి మాట్లాడే ఏ ప్రభుత్వాన్నైనా మొదట అడగాల్సింది, రిజర్వ్ మీద లైబ్రరీకి ఏటా ఎంత ఇస్తారు, ఆ డబ్బు ఖర్చు ఎవరి చేతిలో ఉంటుంది అని. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో ఆదివాసి ఊళ్లలోనే విజ్ఞాన కేంద్రాలు పెట్టి, ఊరివాళ్లే తమ ఫొటోలు, పాటలు, కథల నిల్వను చూసుకునేలా చేశారు. 2007లో దానికి గేట్స్ ఫౌండేషన్ పురస్కారం వచ్చింది. మారుమూల ఊళ్లలో ఇది సాధ్యం కాదన్న మాట అప్పుడే చెల్లకుండా పోయింది.

మూలవాసుల్లోనే కొందరు లేవనెత్తే అభ్యంతరం వీటన్నిటికన్నా లోతైనది. మాకు కావాల్సింది భూమి, తాగే నీళ్లు, మా పిల్లల మీద మా హక్కు. మీరు అరల మీది చీటీలు మార్చి సయోధ్య అంటున్నారు అని. ఈ మాటకు ఎదురు చెప్పే హక్కు ఎవరికీ లేదు. లైబ్రరీ భూమిని తిరిగి ఇవ్వలేదు. అయితే 1927లో కెనడా ఇండియన్ చట్టంలో చేర్చిన 141వ సెక్షన్‌ను ఒకసారి చూడాలి. భూమి దావాల కోసం డబ్బు పోగుచేయడం, దానితో లాయరును పెట్టుకోవడం ఆ సెక్షన్ ప్రకారం నేరం. 1951 దాకా అది అమలులో ఉంది. భూమిని లాక్కున్నవాళ్లకు ఆ భూమి మీద హక్కులు రుజువు చేసే సమాచారం ఎంత ప్రమాదకరమో బాగా తెలుసునని దీని అర్థం. ఒప్పందాల ప్రతులు, సర్వే పటాలు, మిషనరీల డైరీలు, పాత పత్రికలు దావా వేసే జాతికి ఆయుధాలు. వాటిని డిజిటైజ్ చేసి ఇంటి దగ్గరికి చేర్చడం, వెతకడం నేర్పడం లైబ్రరీకి తెలిసిన విద్య. భూమి పోరాటానికి అది ప్రత్యామ్నాయం కాదు, దానికి అవసరమైన సామగ్రి.

కెనడాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకూ ఈ కథలో పాత్ర ఉంది. కొత్తగా దిగిన కుటుంబం మొదట వెతుక్కునే చోట్లలో పబ్లిక్ లైబ్రరీ ఒకటి. ఉచిత ఇంటర్నెట్, పిల్లల కథా సమయం, పౌరసత్వ పరీక్షకు పుస్తకం అన్నీ అక్కడే. 2021లో కెనడా తన పౌరసత్వ ప్రమాణాన్ని మార్చింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీల హక్కులను, ఒప్పంద హక్కులను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తానని కొత్త పౌరుడు ప్రమాణం చేయాలి. సత్య-సయోధ్య కమిషన్ 94వ పిలుపు కోరింది ఇదే. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న బ్రాంప్టన్ నేల 1818లో మిసిసాగా జాతితో కుదిరిన ఒప్పందం కిందిది. ఆ జాతి ఇప్పటికీ ఉంది, దానికి ప్రభుత్వం ఉంది, దావాలున్నాయి. ఈ తప్పులు మా తాతలు చేసినవి కావు కదా అని వలసవచ్చినవాళ్లు అనుకోవడం సహజం. కానీ ఒప్పందానికి ఒక పక్షం కెనడా ప్రభుత్వం. ఆ ప్రభుత్వానికి పన్ను కడుతూ, ఓటు వేస్తూ, అది పంచే సౌకర్యాలు అనుభవించే ప్రతి పౌరుడూ ఆ పక్షంలో భాగమే. దీన్ని నిందగా కాక బాధ్యతగా, తెలుగులోనూ పంజాబీలోనూ తమిళంలోనూ వివరించడానికి లైబ్రరీ కన్నా అనువైన చోటు లేదు. అది చెప్పేవాళ్లలో మిసిసాగా పెద్దలు ఉండాలి.

చివరిగా, అందుబాటు అనే సూత్రం. సమాచారం అందరికీ తెరిచి ఉండాలన్నది లైబ్రరీ వృత్తికి ప్రాణం. కానీ కొన్ని పాటలు ఒక వంశానివి, కొన్ని కథలు చలికాలంలోనే చెప్పాల్సినవి, కొన్ని ఫొటోలు చనిపోయినవారి బంధువులు చూడలేనివి. ఆస్ట్రేలియాలోని వారుముంగు జాతితో కలిసి తయారైన ‘ముకుర్తు’ సాఫ్ట్‌వేర్‌లో ఏ వస్తువును ఎవరు చూడవచ్చో ఆ జాతే నిర్ణయిస్తుంది. కెనడా ఫస్ట్ నేషన్స్ 1998లో తమ సమాచారంపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అనే నాలుగు హక్కులను ప్రకటించుకున్నాయి. ఇది దాపరికానికి దారితీస్తుందని భయపడేవాళ్లు, వైద్యుడి దగ్గర రోగి చీటీ, లాయరు దగ్గర కక్షిదారు మాట ఇప్పటికే గోప్యమని మర్చిపోతారు. రెసిడెన్షియల్ స్కూళ్లలో తమపై జరిగిన అత్యాచారాలను 38,000 మందికి పైగా బాధితులు నష్టపరిహార విచారణల్లో చెప్పుకున్నారు. ఆ వాంగ్మూలాలను చరిత్ర కోసం ఉంచాలని ప్రభుత్వం వాదించింది. గోప్యంగా ఉంటుందన్న మాట మీదే తాము నోరు విప్పామని బాధితులు అన్నారు. 2017లో సుప్రీంకోర్టు బాధితుల పక్షాన తీర్పిచ్చింది. ఎవరి వాంగ్మూలం మీద వాళ్లదే హక్కు. కావాలంటే ప్రతి తీసుకోవచ్చు, కావాలంటే మానిటోబాలోని సత్య-సయోధ్య జాతీయ కేంద్రానికి అప్పగించవచ్చు. ఏదీ కోరనివాళ్ల పత్రాలను 2027 సెప్టెంబరు 19న ధ్వంసం చేస్తారు. ఈ ఎంపిక ఉందని తెలియని వృద్ధులు ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లలో ఉన్నారు. పత్రం నింపడానికి తోడు కూర్చునే మనిషి, తలుపు వేసుకోగల చిన్న గది, ఏది చేయమనీ ఒత్తిడి పెట్టని ఓపిక, ఇవన్నీ పబ్లిక్ లైబ్రరీ ఈ రోజే సమకూర్చగలదు. తన కథను ఉంచమనే అవ్వకు ఎలా సాయపడుతుందో, నాది నాతోనే పోనీ అనే అవ్వకూ అంతే శ్రద్ధగా సాయపడాలి. భద్రపరచడమే చదువుగా నేర్చుకున్న లైబ్రేరియన్‌కు ఆ రెండోది చాలా కష్టమైన పని, దానికి శిక్షణ గడువు ముంచుకొచ్చే ముందే ఇవ్వాలి.